బాడీ ఎన్నింటికి తీస్తారు?

ఆ ఉదయం మధుసూదన్ ఉద్యోగం ఒక గిటారు మీద ఆధారపడి ఉంది. హైటెక్ సిటీ కంపెనీలో అతనికింకా ప్రొబేషన్ తీరలేదు. వాద్యాల దుకాణం వెబ్‌సైటుకు గిటారు ఫోటోలు మర్నాటికి అందకపోతే ఇంటికి వెళ్లిపొమ్మని మేనేజర్ పట్టాభిరామయ్య మర్యాదగానే చెప్పారు. ఫ్లాష్ వేసి తీసిన రీలంతా బూడిదలో పోసిన పన్నీరైంది. వార్నిష్ మీద తెల్లమచ్చ తప్ప గిటారు కనబడలేదు. ఇక పగటి వెలుతురే దిక్కు.

హఫీజ్‌పేట్‌లో తానుండే కిరాయి ఇంటి వాకిట్లో తెల్లవారగానే చాప పరిచి, గిటారును పడుకోబెట్టి, దుమ్ము పడకుండా తెల్లపంచె కప్పాడు. ఆ సంగతి మేనేజరుకు చెప్పడానికి ఇంటాయన ఐలయ్య ఇంట్లోని ఫోను అందుకున్నాడు. ఆ ఫోను గరగరల్లో గిటారన్న మాట కాస్తా కొట్టుకుపోయింది.

"సార్, బాడీని వాకిట్లో పడుకోబెట్టాను. ఎండెక్కితే పాడైపోతుంది."

అత్తగారిని డాక్టరుకు చూపించాలని ఇతను పోయిన వారమే సెలవడిగాడు. అది గుర్తొచ్చి పట్టాభిరామయ్య గుండె కరిగింది. "అయ్యయ్యో. ఎన్నింటికి తీస్తారండీ?"

"ఎనిమిదిలోపు తీసేసి ఆఫీసుకొచ్చేస్తాను సార్."

"అదేం మాటండీ. మేమే వస్తున్నాం."

ఫోటోలు తీయడం చూడ్డానికి మేనేజరే వస్తున్నారని మధుసూదన్ మురిసిపోయాడు. బాడీ అన్న మాట దగ్గర్నుంచే విన్న ఐలయ్య, వాకిట్లోని తెల్లగుడ్డ కేసి ఓసారి చూసి, టెంటు హౌసుకు పరుగెత్తాడు.

మధుసూదన్ కొత్త రీలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. వాకిలి నిండా గుంజలు పాతి తెల్ల షామియానా కట్టేస్తున్నారు. "ఏంది సారూ, గింత కష్టమొస్తే మాకు చెప్పరా? ఇగ ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు ఐలయ్య. అతను నోరు తెరిచేలోగా ఆఫీసంతా జీపుల్లో దిగింది. పట్టాభిరామయ్య కళ్లు తుడుచుకుంటూ, గులాబీ దండతో పంచె మీదికి వంగారు.

అప్పుడే అత్తగారు రత్నమ్మ కాఫీ గ్లాసుతో గడప దాటింది. "ఎవురికి నాయనా దండ?"

దండ జారిపోయింది. పంచె తీస్తే గిటారు. నలుగురిలో నవ్వులపాలైన పట్టాభిరామయ్య ముఖం కందగడ్డయింది. రేపే సామాను సర్దుకోమని చెప్పి, ఆఫీసును వెంటబెట్టుకుని వెళ్లిపోయారు.

మధుసూదన్‌కు ఏడుపొచ్చింది. ఉద్యోగం ఎలాగూ పోయిందని కెమెరా కంటికి ఆనించాడు. షామియానాలోంచి దిగిన వెలుతురు గిటారంతా సమంగా పరుచుకుంది. మచ్చన్నది లేదు. రీలు అయిపోయేదాకా తీశాడు.

మర్నాడు సామాను సర్దుకోవడానికి వెళ్లి అతను ఆఫీసులో ఇచ్చిన ఆ ఫోటోలు చూసిన దుకాణం యజమాని, ఏ స్టూడియోలో తీయించారని అడిగాడు.

"మా సొంత స్టూడియోనేనండి," అన్నారు పట్టాభిరామయ్య తడుముకోకుండా.

సాయంత్రం మధుసూదన్‌కు ఉద్యోగం ఖాయమైన ఉత్తరం అందింది. అదే కవరులో అత్తగారి మృతికి ఆఫీసు సంతాప తీర్మానం కూడా ఉంది, ముందురోజే అందరి సంతకాలూ అయిపోయాయట. ఇన్నాళ్లకు తన గురించి నాలుగు మంచి మాటలు రాసినవాళ్లు దొరికారని రత్నమ్మ దానికి ఫ్రేము కట్టించింది.