పసుపు గొడుగు అమ్మాయికి ఒక పాట

గింబాల్ ఊళ్లో సెలూన్ నడిపే తెలెస్ఫోరో జీవితంలో చాలా అబద్ధాలే ఆడాడు గాని, వాటిలో ఒక్కటే పెళ్లి దాకా వెళ్లింది.

అప్పట్లో సాయంత్రం ఆరు కొడితే ఇలోయిలో పట్నం రేడియోలో మనోంగ్ అమోర్ పలికేవాడు. మనోంగ్ అంటే అన్నగారు. ఊళ్లో ఆడవాళ్లందరూ ఆయన్ని అన్నగారనే పిలిచేవాళ్లు గాని, ఆ గొంతు వింటూ అన్నం మాడ్చని ఇల్లాలు లేదు. ప్రతి గురువారం ఆయన ఒక చీటీ చదివేవాడు: “గింబాల్ సంతకి పసుపు గొడుగు వేసుకొచ్చే అమ్మాయికి, పేరు చెప్పుకోలేని ఒక హృదయం నుంచి, ఈ పాట.”

ఆ గొడుగు ఫెలీసాది. ఆ హృదయం ఎవరిదో ఎవరికీ తెలియదు. నాలుగో గురువారం తెలెస్ఫోరో తల దువ్వుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

“ఆ చీటీలు నావే. మనోంగ్ అమోర్ నా ప్రాణ స్నేహితుడు. జుట్టు కూడా నా దగ్గరే కత్తిరించుకుంటాడు” అనేశాడు.

ఫెలీసా అతణ్ణి కిందినుంచి పైదాకా చూసి, నవ్వి, పెళ్లికి ఒప్పుకుంది. అక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. కానీ పెళ్లయి పాతికేళ్లు నిండుతాయని తెలెస్ఫోరో లెక్క వేసుకోలేదు.

“ఇదిగో, మన పాతికేళ్ల విందుకి నీ స్నేహితుణ్ణి పిలువు” అంది ఫెలీసా ఒకరోజు.

“ఏ స్నేహితుణ్ణే?”

“మనోంగ్ అమోర్‌ని. ప్రాణ స్నేహితుడన్నావు, పాతికేళ్లలో ఒక్కసారైనా మనింట్లో కాఫీ తాగలేదు. ప్రాణం ఎక్కడ పెట్టుకున్నావయ్యా?”

“ఆయన రేడియో మానేసి చాలా ఏళ్లయిందే. ఎక్కడున్నాడో ఏమో.”

“జుట్టు పెరగడం మానలేదుగా? నీ దగ్గరకే రావాలిగా?”

అంతటితో ఆగితే ఆమె ఫెలీసా ఎందుకవుతుంది? పక్కింటి మనాంగ్ బెబాంగ్‌కి, అంటే బెబాంగ్ అక్కకి, చెప్పింది. బెబాంగ్‌కి చెప్పాక ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి వీధి వీధంతా కొత్త బట్టలు కుట్టించుకోవడానికి బయల్దేరింది.

తెలెస్ఫోరో ఇరుకున పడ్డాడు. ఆ చీటీలు తనవి కావని తేలితే ఈ పెళ్లికి పునాదే లేదు. ఫెలీసా పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతే, ఆమె లేని ఇంట్లో ఉండటం అతని వల్ల కాదు. ఆ మాట ఎన్నడూ పైకి చెప్పలేదు గాని, నిజం.

సెలూన్లో ఎవరి గడ్డానికో సబ్బు రాస్తుండగా ఉపాయం తట్టింది. మనోంగ్ అమోర్ గొంతు అందరికీ తెలుసు, మొహం ఎవరు చూశారు?

పక్క ఊళ్లో శవపేటికలు చేసే సతుర్నీనో ఉన్నాడు. నిండైన విగ్రహం, నూనె రాసి దువ్విన జుట్టు. గొంతు మాత్రం కంచెలో ఇరుక్కున్న మేకది.

“నువ్వు నోరు తెరవకూడదు. గొంతుకి ఆపరేషనయిందని చెప్తా. తల ఊపితే చాలు” అన్నాడు తెలెస్ఫోరో.

“తల ఊపడం నాకు కొత్తా? ఏడ్చేవాళ్ల ముందు రోజూ నేను చేసేదదే” అన్నాడు సతుర్నీనో.

విందు రోజు మెడకి మఫ్లర్ చుట్టుకుని సతుర్నీనో దిగాడు. ఆడవాళ్లు ఒక్కసారిగా చుట్టూ మూగారు.

“అన్నా, మీరు తుఫాను హెచ్చరిక ఎంత తియ్యగా చదివారంటే, ఇంకా చదువుతారేమోనని ఇంట్లోనే కూచున్నాం. కప్పు ఎగిరిపోయింది. అయినా ఏం బాధ లేదు” అంటూ బెబాంగ్ కళ్లొత్తుకుంది.

సతుర్నీనో తల ఊపాడు.

“తప్పిపోయిన మా దున్నపోతు గురించి తొమ్మిది రోజులు చదివారు. పదో రోజు సిగ్గుపడి అదే ఇంటికొచ్చింది” అన్నాడు బెబాంగ్ మామగారు. ఆయనకి తొంభై ఒకటి.

సతుర్నీనో ఈసారి తల ఊపలేదు. ముసలాయన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆప్యాయంగా చూసి, కాగితం తీసి రాశాడు: “అయిదడుగుల మూడంగుళాలు?”

తెలెస్ఫోరో ఆ కాగితాన్ని లాక్కుని నోట్లో వేసుకుని నమిలి మింగేశాడు.

సరిగ్గా అప్పుడే పెరట్లో నిప్పుల మీద పందిని తిప్పుతున్న వంటవాడు కేకేశాడు.

“ప్రియమైన మిత్రులారా, చర్మం కరకరలాడుతోంది. పళ్లేలు అందుకోండి.”

బెబాంగ్ చేతిలో గరిటె జారింది. లోపలెక్కడో ఎవరో అలవాటు కొద్దీ అన్నం మాడ్చారు. రేడియోలో విన్న అదే గొంతు! అందరూ పెరటి వైపు చూశారు, మఫ్లర్ వైపు చూశారు. సతుర్నీనో మఫ్లర్ సర్దుకుని లేచాడు.

“నే వెళ్తానండీ, ఇంటి దగ్గర రెండు పెట్టెలకి వార్నిష్ వెయ్యాలి” అన్నాడు. మేక గొంతు వినగానే వీధి కుక్కలు అరిచాయి. పోతూ పోతూ పంది చెవి ఒకటి పట్టుకుపోయాడు.

వంటవాడు లోపలికొచ్చాడు. పొట్టివాడు, మొహం నిండా మసి, ముందు రెండే పళ్లు. టోపీ తీస్తే నున్నటి గుండు. ఆడవాళ్లు నీరుగారిపోయారు.

“అన్నా, ఏమీ అనుకోకు. మేం కళ్లు మూసుకుంటాం, నువ్వు మాట్లాడుతూ ఉండు” అంది బెబాంగ్.

ఫెలీసా మాత్రం కళ్లు మూసుకోలేదు. “అన్నా, పసుపు గొడుగు చీటీలు గుర్తున్నాయా?” అంది.

తెలెస్ఫోరో తనకి తెలిసిన పునీతులందరికీ మొక్కుకున్నాడు.

“మర్చిపోతానా తల్లీ! ప్రతి గురువారం ఉడకబెట్టిన అరటికాయలు తెచ్చి, నీ చీటీ నువ్వే ఇచ్చేదానివి. నీ పాట నీకే ఎందుకమ్మా అంటే, నావేనని చెప్పుకుంటూ ఏ వెధవ వస్తాడో చూద్దామన్నా అనేదానివి.”

ఫెలీసా మొగుడి వైపు తిరిగింది.

“ముగ్గురొచ్చారు” అంది ఫెలీసా. “ఒక పోలీసు, ఒక బడి పంతులు, నువ్వు. ముగ్గురూ నావేనన్నారు.”

“మరి నన్నెందుకు చేసుకున్నావే?”

“వాళ్లు అంతటితో ఆపారు. నువ్వు అప్పటికే నున్నగా ఉన్న ఈ గుండుకి జుట్టు కత్తిరిస్తున్నానన్నావు. ఈ మనిషితో పొద్దు గడుస్తుందనుకున్నా. మొన్న పంది కాల్చమని పురమాయించడానికి వెళ్తే అన్నగారి గొంతు గుర్తుపట్టాను. నువ్వెవర్ని తెస్తావో చూడాలనిపించి, నీ స్నేహితుణ్ణి పిలవమన్నా. శవపేటికలాయన్ని తెస్తావని కల్లో కూడా అనుకోలేదయ్యా!”

వీధంతా కళ్లు మూసుకునే నవ్వింది. మనోంగ్ అమోర్ గరిటెని మైకులా పట్టుకున్నాడు. “ఫెలీసాకి ఒక పాట. ఈసారి పంపేదెవరు?”

తెలెస్ఫోరో చెవులు ఎర్రబడ్డాయి. పాతికేళ్లలో మొదటిసారి నిజం చెప్పాల్సి వచ్చేసరికి గొంతు సతుర్నీనోకన్నా అధ్వానంగా తయారైంది.

“నేనే అన్నా” అన్నాడు. “పేరు కూడా చదువు.”

“వినపడలేదు, మళ్లీ చెప్పు” అంది ఫెలీసా.