కుందేలు మాస్టారి ఇంటర్వ్యూ

ఒక పెద్ద అడవిలో, అడవి పెద్దదైతే ఆఫీసులూ పెద్దవే కదా, కుందేలు చిట్టెయ్య లెక్కల మాస్టారు. ఒకరోజు పైనుంచి వచ్చిన ఉత్తర్వు చదివి ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"ప్రతి మాస్టారూ ఒక పిల్లని ఇంటర్వ్యూ చేసి, ఎలా ఆలోచిస్తోందో కనిపెట్టాలి. జవాబు అందించకూడదు, కసరకూడదు. నోరు మూసుకుని వినాలి. చేతకానివాళ్ళకి మొసళ్ళ మడుగు బడికి బదిలీ."

"నోరు మూసుకోవడమా! ఇరవై ఏళ్ళుగా తెరిచిన నోరే ఇది!" అని లబోదిబోమన్నాడు మాస్టారు.

"మడుక్కి మాత్రం నేను రాను. మీరొక్కరే వెళ్ళండి," అంది భార్య.

ఇక లాభం లేదని, ఉడుతపిల్ల చింకిని కూర్చోబెట్టి పది రోజులు సాధన చేయించాడు.

"'ఎలా ఆలోచించావమ్మా?' అని నేనడుగుతా. 'మనసులో బొమ్మ గీసుకున్నానండీ' అనాలి నువ్వు."

"ఏం బొమ్మండీ?"

"ఏదో ఒకటి! ఎవరు చూడొచ్చారు?"

తనిఖీకి ముళ్ళపంది అమ్మగారు వేంచేసింది. క్లాసందరి ముందూ ఇంటర్వ్యూ నల్లేరు మీద బండిలా సాగిపోయింది. మాస్టారు గాల్లో తేలుతున్నాడు. అంతలో అమ్మగారు, "నేనూ ఒకటి అడుగుతా," అంది. "ఏడు పళ్ళు. మూడు తిన్నావు. ఎన్ని మిగిలాయి?"

చింకి మాస్టారివైపు చూసింది. "ఆరు... ఐదు... నాలుగండీ!"

"ఎలా ఆలోచించావు?"

"బొమ్మ గీసు... అది మాస్టారు చెప్పమన్నారండి. నిజానికి ఆయన చెవులు చూస్తానండి. తప్పు చెబితే వాలిపోతాయి, ఒప్పయితే నిక్కబొడుచుకుంటాయి."

క్లాసంతా తలూపింది. మాస్టారు గబుక్కున చెవులు వీపు వెనక దాచుకున్నాడు.

"సిగ్గు లేదటయ్యా! పో బయటికి!" అని ఆయన్ని గెంటేసి, అమ్మగారే మళ్ళీ అడిగింది. "పదకొండులో ఐదు పోతే?"

"ఎనిమిది... ఏడు... ఆరండీ!"

"శభాష్! ఇప్పుడెలా ఆలోచించావు?"

"మీ ముళ్ళు చూశానండి. ఆరు అనగానే బుద్ధిగా పడుకున్నాయి."

పిల్లలు పడీ పడీ నవ్వారు. గుమ్మంలోంచి చూస్తున్న మాస్టారికీ నవ్వు ఆగలేదు, చెవులు నోట్లో కుక్కుకున్నాడు.

అమ్మగారికి మాత్రం చెమటలు పట్టాయి. బదిలీ చేయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే ముళ్ళ సంగతీ రాయాలి. చాలాసేపు కలం కొరికి, చివరికి ఇలా రాసింది: "చిట్టెయ్యగారు పిల్లల మనసు తెలిసినవారు. ఇకనుంచి మాస్టార్లందరికీ ఇంటర్వ్యూలు నేర్పే పని వీరిదే."

మాస్టారు ఇంటికి గెంతుకుంటూ పోయాడు.

నీతి: పిల్లలు ఏమనుకుంటున్నారో కనిపెట్టడానికి మనకు ఉత్తర్వులు కావాలి; మనమేమనుకుంటున్నామో వాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు.