సర్వరు ఒకటి, స్టూలు ఒకటి, బాబాయి ఒకటి

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా ఆఫీసు సర్వర్ రూములో ఒక ఉద్యోగి తన చొక్కా జేబు మీద తానే ఆస్తి నంబరు స్టిక్కరు అంటించుకున్నాడు. ఫొటో తీయించుకుని హెడ్డాఫీసుకు పంపాడు.

ఇది విని నవ్వినవాళ్లున్నారు. వాళ్లకు వ్యవస్థ అంటే తెలియదు. సంస్థలోని కంప్యూటర్లు, ప్రింటర్లు, వైర్లు, ప్లగ్గులు అన్నింటి లెక్కా ఒక్కచోటే ఉండాలన్న కేంద్రీకృత విధానం ఉందే, మనిషి కనిపెట్టినవాటిలో చక్రం తర్వాత చెప్పుకోవలసింది అదే! నమ్మరా? అయితే చదవండి.

ఆ విధానం రాకముందు మేం ఎంత అనాగరికంగా బతికామో చెబుతాను. మౌస్ పాడైతే సర్వర్ రూముకు వెళ్లేవాళ్లం. అక్కడ స్టూలు మీద బాబాయి ఉండేవాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆయనకంటే రెండేళ్లు పెద్దవాడైన మేనేజరుతో సహా అందరికీ బాబాయే. ఇరవై రెండేళ్లుగా మా ఆఫీసులో కరెంటుతో నడిచే ప్రతిదాన్నీ బాగుచేసింది ఆయనే. అడగ్గానే సొరుగు లాగి ఇంకో మౌస్ ఇచ్చేవాడు. రెండు నిమిషాలు. ఫారం లేదు, సంతకం లేదు, పైవాళ్ల అనుమతి లేదు! అడిగినవాడికల్లా అడిగింది ఇచ్చేస్తూ పోతే సంస్థ ఏం కావాలి?

ఇప్పుడు హెడ్డాఫీసు పోర్టల్‌లో టికెట్, అంటే అర్జీ, పెట్టాలి. ముగ్గురు ఆమోదించాలి. తొమ్మిదో రోజున మౌస్ వస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లో మా బిల్లుల గుమాస్తా మౌస్ ముట్టకుండా కీబోర్డు మీదే పనంతా చేయడం నేర్చుకుంది. పక్క సీటు ఆయనతో మూడేళ్లుగా మాటల్లేని డిస్పాచ్ గుమాస్తా, ఆయన మౌస్ అరువడగడానికి మాట కలిపాడు. ఏ ట్రైనింగు క్లాసులో వస్తాయండీ ఇవి?

పైగా పోర్టల్‌కు తెలియనిది లేదు. మూడో అంతస్తులో చెడిపోయిన ప్రింటరు ఎక్కడుందో, ఎవరి పేర ఉందో, ఎప్పుడు వచ్చిందో క్షణంలో చెబుతుంది. చెడిపోయిందన్న సంగతి ఒక్కటే చెప్పదు. దానికి కాలమ్ లేదు.

పోర్టల్‌కు ఎక్కించడానికి మా ఆఫీసు వస్తువుల లెక్కింపు ఆ స్టిక్కరు మంగళవారానికి మూడు నెలల ముందు ఫోన్లో జరిగింది. హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి ఒక్కో గదిలో ఏముందో అడుగుతుంటే మా బిల్లుల గుమాస్తా చెప్పుకుంటూ పోయింది.

"సర్వర్ రూములో?"

"సర్వరు ఒకటి, యూపీఎస్‌లు రెండు, స్టూలు ఒకటి."

"ఇంకా?"

"ఇంకేముంది, బాబాయి."

"ఎన్ని?"

"ఎన్నేంటండీ! మాకున్నది ఒక్క బాబాయేగా."

"కండిషను?"

అవతలమ్మాయి సరదా పడుతోందనుకుని మా గుమాస్తా కూడా అందుకుంది. "పాతదే. కానీ బాగా పనిచేస్తోంది."

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే లోకం ఇది. హెడ్డాఫీసు కట్టేసింది. రిజిస్టరులో ఇలా ఎక్కింది: బాబాయి, సంఖ్య ఒకటి, కంపెనీ తెలియదు, పాతది, బాగా పనిచేస్తోంది. బాధ్యుడు, సర్వర్ రూము ఇన్‌చార్జి. ఆ ఇన్‌చార్జి బాబాయే.

మూడు నెలలు ఎవరూ చూడలేదు. ఈలోగా బాబాయికి ఊరి చివర టెక్నికల్ స్కూల్లో రిపేరు పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్లూ వైర్లతో చెప్పుకున్న మాటలు ఇకనుంచి ముప్పైమంది కూర్చుని వింటారట. ఇంట్లో అద్దం ముందు నిలబడి మొదటి పాఠం చెప్పి చూసుకున్నాడు కూడా. స్కూలు ప్రిన్సిపాల్ ఒకే షరతు పెట్టింది. శుక్రవారం సాయంత్రం ఐదులోగా రిలీవింగ్ ఆర్డరు చూపించాలి. లేకపోతే ఆ పని జాబితాలో రెండో పేరుకు వెళ్తుంది.

లెక్కలో ఉన్నవన్నీ అప్పగిస్తేగాని ఆ ఆర్డరు రాదు. సోమవారం ఆయన తన పేర ఉన్న వస్తువులన్నీ అప్పగించాడు. పోర్టల్ ఒక్కచోట ఎర్ర గీత పెట్టింది: బాబాయి అప్పగించలేదు. ఆయన హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ బాబాయి నేనే."

"మీరు బాధ్యులు సార్. నేనడిగేది వస్తువు గురించి. సీరియల్ నంబరు చెప్పండి. వెనకవైపు ఉంటుంది."

"వెనకవైపు పుట్టుమచ్చ తప్ప ఏమీ లేదు తల్లీ."

"అయితే ముందు స్టిక్కరు వెయ్యండి సార్. స్టిక్కరు పడందే సిస్టమ్‌లో ఏదీ కదలదు."

మంగళవారం ఆ స్టిక్కరు పడింది. ఎంట్రీ తీసెయ్యమని మేనేజరు హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టాడు. సిస్టమ్‌లో పొరపాట్లు జరగవు కాబట్టి తీసేసే బటన్ పెట్టలేదని జవాబు. ఎంత దూరదృష్టి! బాధ్యుడు వెళ్లిపోయేటప్పుడు వస్తువు లెక్కలోంచి పోవడానికి దారులు మూడే అట. పోగొట్టుకోవాలి, తుక్కు కింద రాయాలి, లేదా ఇంకో సంస్థకు బదిలీ చేయాలి.

పోయినట్టు రాయాలంటే పోలీసు ఫిర్యాదు నకలు కావాలి. బుధవారం బాబాయి స్టేషనుకు వెళ్లాడు. ఫిర్యాదులు రాసుకునే రైటరు తలెత్తకుండా అడిగాడు.

"ఏం పోయింది?"

"బాబాయి."

"ఎవరి బాబాయి?"

"అందరికీనండీ. అంటే... నేనే."

రైటరు తలెత్తాడు. "ఇంట్లో చెప్పే వచ్చారా?"

"ఇంట్లోంచి కాదండీ, ఆఫీసు నుంచి వస్తున్నా."

"కాసిని మంచినీళ్లు తాగి, నెమ్మదిగా వెళ్లండి పెద్దాయనా."

బాబాయి మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

గురువారం తుక్కు కమిటీ కూర్చుంది. ముగ్గురు సభ్యులు వస్తువును పరిశీలించి "పనికిరాదు" అని సంతకం చేయాలి. మేనేజరు చేశాడు. డిస్పాచ్ గుమాస్తా చేశాడు. బిల్లుల గుమాస్తా పెన్ను ముట్టలేదు.

"నేను చెయ్యను బాబాయ్."

"ఈ తంటా తెచ్చిపెట్టిందే నువ్వు కదమ్మాయ్! పెట్టు సంతకం."

"బాగా పనిచేస్తోందని నా నోటితో చెప్పి, పనికిరాదని నా చేత్తో రాయమంటావా? పొద్దున్నేగా నా ప్రింటరు బాగుచేశావ్!"

"నా కొత్త ఉద్యోగం పోతుందే."

"అది పోకూడదు. నిన్ను తుక్కులోనూ వెయ్యను. ఇంకో దారి ఉందన్నారుగా, అది చూడు."

బాబాయి రిజిస్టరు ప్రింటు తీసి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ప్రమోషన్ ఫైలు రెండుసార్లు హెడ్డాఫీసుకు వెళ్లి, ఏమీ రాయకుండానే రెండుసార్లు తిరిగొచ్చింది. "బాగా పనిచేస్తోంది" అని తన గురించి అచ్చులో చూడటం ఆయనకు ఇదే మొదలు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం సంగతి మళ్లీ ఎత్తలేదు.

శుక్రవారం మూడు గంటలకు బాబాయి, బిల్లుల గుమాస్తా బదిలీ ఫారం పట్టుకుని బస్సెక్కారు. వస్తువును తీసుకునే సంస్థ అధిపతి దాన్ని కళ్లారా చూసి రసీదు ఇవ్వాలి. ప్రిన్సిపాల్ ఫారం రెండుసార్లు చదివింది.

"ఇది మీరేనా?"

"నేనేనండీ."

"కండిషను, పాతది అని ఉంది."

"ఆ పక్క మాట కూడా చదవండి మేడమ్," అంది బిల్లుల గుమాస్తా.

ప్రిన్సిపాల్ చదివింది. ఆయన చొక్కా మీది నంబరూ ఫారంలోని నంబరూ సరిచూసుకుంది. "బాబాయి ఒకటి, మంచి స్థితిలో అందినది" అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసింది.

నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు రసీదు పోర్టల్‌కు ఎక్కింది. నాలుగు యాభై మూడుకు రిలీవింగ్ ఆర్డరు ఆయన ఫోనుకు వచ్చింది. చూశారా? అయిదే నిమిషాలు! సరైన కాగితం పడాలే గానీ, కేంద్రీకృత వ్యవస్థను మించిన చురుకైనది ఇంకోటి ఉందా?

సోమవారం బాబాయి స్కూల్లో చేరాడు. అదే రోజు మా సర్వర్ ఆగిపోయింది. రిజిస్టరులో తగ్గిన వస్తువుకు బదులు ఇంకొకటి పంపాలని, వివరాల గడిలో "బాబాయి, సంఖ్య ఒకటి" అని రాసి, మేనేజరు టికెట్ పెట్టాడు. ముగ్గురూ ఆమోదించారు.

మరుసటి వారం బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల పదిహేను నిమిషాలకు కొనుగోలు విభాగం నుంచి జవాబు వచ్చింది. ఆ మోడల్ సరఫరా చేసేవారెవరూ దొరకనందున టికెట్ మూసివేయడమైనది.