పనివయసు ధ్రువపత్రం

నాయకుడికి ఎంత వయసుండాలన్న ప్రశ్నకు మానవజాతి ఇన్ని వేల ఏళ్లుగా సమాధానం కనుక్కోలేకపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు, తగిన ఫారం లేకపోవడం. ఆ కొరత ఒక మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి తీరిపోయింది. ఫారం పేరు ఇరవై ఏడు బై వ. అది పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో, రికార్డుల గదిలో, పిన్నిగారి బల్ల మీద నాలుగు కట్టలుగా దిగింది.

పిన్నిగారు ఆ ఆఫీసులో రికార్డుల గుమస్తా. వయసు యాభై నాలుగు. అటెండరు దగ్గర్నుంచి కమిషనరు దాకా అందరూ ఆమెను పిన్నిగారనే పిలుస్తారు. జీతాల పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా లేదు (అందులోనూ అచ్చుతప్పుతో ఉంది). ఇరవై తొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్లు పుట్టిన తేదీలూ పోయిన తేదీలూ రాసిపెడుతున్న మనిషి కనుక వయసనే వ్యవహారం ఆమెకు కొత్త కాదు. ఎవరైనా వచ్చి తమ వయసెంతో కాగితం మీద రాసిమ్మంటే, ఏ పనికి కావాలో ముందు చెప్పమంటుంది. పింఛనుకొక వయసు, ఉద్యోగానికొక వయసు, పెళ్లిసంబంధానికి వేరొక వయసు ఉంచుకోవడం ఆ ఊళ్లో మర్యాద.

ఊరికి చైర్మన్‌ను ఎన్నుకోవలసిన సమయం వచ్చింది. ముగ్గురు నిలబడ్డారు. మొదటివారు పెద్దాయన. ఎనభై మూడేళ్లు, ఇప్పటికి ఐదుసార్లు చైర్మన్. రెండోవాడు చిన్నబాబు. ఇరవై నాలుగేళ్లు, పెద్దాయనకు స్వయానా మనవడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కారులో ప్రచారానికి బయలుదేరతారు. సందు మొదట్లో దిగి, ఒకరు కుడివైపు ఇళ్లకూ ఒకరు ఎడమవైపు ఇళ్లకూ వెళ్లి, ఒకరినొకరు తిట్టిపోసుకుని, మళ్లీ అదే కారెక్కి భోజనానికి ఇంటికి చేరతారు. "ముసలాళ్లు తప్పుకోవాలి" అని మనవడు, "కుర్రాళ్లు ఆగాలి" అని తాత. ఇంతకు మించి ఊళ్లో సమస్యలేమీ లేవని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మూడో అభ్యర్థి పంపు ఆపరేటరు. నలభై ఏడేళ్లావిడ. నీళ్ల ట్యాంకు దగ్గర పద్దెనిమిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి (తాత్కాలికం కనుకే పోటీకి నిబంధనలు అడ్డురాలేదు). ఉత్తరపు వీధులకు రెండు నెలలుగా నీళ్లు లేవు. పాత వాల్వు తీసి కొత్తది బిగిస్తే అయిపోతుంది. కొత్త వాల్వు స్టోరులోనే ఉంది. దాన్ని బయటికి తీసే కాగితం మీద చైర్మన్ సంతకం కావాలి. ఆ కాగితం పట్టుకుని ఆవిడ పెద్దాయన చుట్టూ ఇరవై రెండుసార్లు తిరిగింది. ఇరవై మూడోసారి రికార్డుల గదిలోకి వచ్చి నామినేషను ఫారం అడిగింది.

"నీకెందుకమ్మా ఇదంతా?" అంది పిన్నిగారు.

"సంతకం పెట్టేచోట నేనే కూర్చుంటే తిరగక్కర్లేదు కదా పిన్నిగారూ."

పిన్నిగారికి అంతకన్నా సబబైన రాజకీయ సిద్ధాంతం ఆ ఆఫీసులో ఎప్పుడూ వినపడలేదు. ఫారం ఇచ్చి, తన కలం కూడా ఇచ్చింది.

ఈలోగా ఊరు రెండుగా చీలిపోయింది. వయసు ముఖ్యమనేవాళ్లు ఒకవైపు, ముఖ్యం కాదనేవాళ్లు ఒకవైపు. వీళ్లలోనూ తాత వయసు ముఖ్యం కాదు కానీ మనవడి వయసు ముఖ్యమనే ఉపశాఖ ఒకటి, దానికి సరిగ్గా తలకిందులుగా ఇంకొకటి. మంగలి దుకాణంలో ఒక చెంప గీసేలోపు వాదన ముదిరి, రెండో చెంప అలాగే ఉంచుకుని లేచిపోయిన పెద్దమనుషులు ముగ్గురు. పరిస్థితి చేయి దాటుతోందని గ్రహించిన పై ఆఫీసువారు, ఓటరుకు అభ్యర్థి పుట్టిన తేదీ కాక అతని 'పనివయసు' తెలియాలని తీర్మానించి, ఆ ఫారాన్నీ దాంతోపాటు ఒక వయోపరిశీలనాధికారినీ పంపారు. అధికారికి ముప్పై ఒక్కేళ్లుంటాయి. నవ్వడం అతని సర్వీసు నిబంధనల్లో లేదు.

పిన్నిగారి ఇంట్లో మాత్రం చర్చ వేరే దారి పట్టింది. ఆమె అత్తగారికి ఎనభై ఒకటి. పెద్దాయన పేరెత్తితేనే ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

"నాకన్నా రెండేళ్లు పెద్దాయన. పొద్దున కళ్లజోడెక్కడ పెట్టానో నాకే గుర్తుండదు. ఊరెక్కడ పెట్టాడో ఆయనకేం గుర్తుంటుంది?" అంది.

కూతురు ఆ మాటకు మురిసిపోతుందేమోనని పిన్నిగారు అటు చూసింది. కూతురు, చిన్నబాబు ఒకే కాలేజీలో చదువుకున్నారు.

"వాడి సంగతి నాకు తెలుసమ్మా. నలుగురం కలిసి ప్రాజెక్టు చేస్తే పేరు రాయించుకోడానికి మాత్రం వచ్చాడు. అదీ ఆలస్యంగా" అంది ఆ పిల్ల.

నానమ్మా మనవరాలూ మొదటిసారిగా ఒక విషయంలో ఏకమయ్యారు. ఎవరి ఈడువాళ్ల బండారం వాళ్లకు బాగా తెలుస్తుందని పిన్నిగారికి అనిపించింది. ఈ లెక్కన పంపు ఆపరేటరుకు తమ ఇంట్లోనే మూడు ఓట్లు ఖాయమనుకుని, ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

పరీక్ష శుక్రవారం జరిగింది. మొదటి అంశం మెట్లు. కింద గుమ్మం దగ్గర బయలుదేరి రెండో అంతస్తు రికార్డుల గదికి చేరాలి. (లిఫ్టు ఉంది. పెద్దాయన రెండోసారి చైర్మన్‌గా ఉన్నప్పుడు దానికి ప్రారంభోత్సవం కూడా అయింది. తలుపులు తెరుచుకోవడం ఒక్కటే మిగిలింది.) పెద్దాయన మెట్ల వంక ప్రేమగా చూసి, చేతులు రెండూ చాచి నిలబడ్డారు. నలుగురు అనుచరులు ఆయన్ను అమాంతం ఎత్తుకుని పైకి తెచ్చారు. ఇది చెల్లుతుందా అని పిన్నిగారు అడిగింది. అధికారి ఫారం వెనక్కి తిప్పి చదివి, అభ్యర్థి పైకి చేరారా లేదా అన్నది తమ శాఖ చూస్తుందనీ, ఎలా చేరారన్నది రాజకీయమనీ తేల్చాడు. మోసినవాళ్ల వయసుల సగటు తీసి పెద్దాయన గడిలో వేశాడు.

చిన్నబాబు పద్దెనిమిది క్షణాల్లో పైకొచ్చాడు. వీడియో సరిగా రాలేదని కిందికి వెళ్లి మళ్లీ వచ్చాడు. వెలుతురు చాల్లేదని మూడోసారి కూడా వచ్చాడు. వచ్చి, రొప్పుతూ, ఈ గది దేనికి సంబంధించినదని పిన్నిగారిని అడిగాడు. పంపు ఆపరేటరు మామూలుగా ఎక్కింది. మధ్యలో మలుపు దగ్గర కొళాయి కారుతుంటే ఆగి, సంచిలోంచి రెంచి తీసి బిగించి వచ్చింది. నలభై క్షణాలు ఆలస్యమైందని అధికారి రాసుకున్నాడు.

రెండో అంశం, ఫోనుకు వచ్చిన ఆరంకెల నంబరును నిమిషంలోగా కంప్యూటరులో కొట్టడం. పెద్దాయన నంబరు చిన్నబాబు ఫోనుకు వచ్చింది. ఆ ఇంట్లో ఫోన్లన్నీ వాడి పేరు మీదే ఉన్నాయి. అరగంట కిందటే తాతను సభలో కాటికి కాళ్లు చాచినవాడన్న చిన్నబాబు, ఇప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒక్కొక్క అంకే చెప్పాడు. "ఏడు, తాతయ్యా. ఏడు. కాదు, దాని పక్కది." పిన్నిగారు నవ్వాపుకోలేక రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ప్రత్యర్థి సహకారాన్ని నిషేధించే నిబంధన లేదు. ఉండవలసిన అవసరం వస్తుందని ఎవరూ ఊహించలేదు.

మూడోది జ్ఞాపకశక్తి. పోయిన ఎన్నికల్లో ఇచ్చిన హామీలు మూడు చెప్పాలి. పెద్దాయన ఎనిమిది చెప్పారు, ఒక్కటి కూడా తప్పు పోకుండా. ఈసారి కరపత్రంలోనూ అవే ఉన్నాయి, పొద్దున్నే చదువుకుని వచ్చారు. చిన్నబాబుకు పాత హామీలు లేవు. వారసత్వ నిబంధన ప్రకారం తాత హామీలు అతనికి సంక్రమించాయి, మార్కులూ సంక్రమించాయి. పంపు ఆపరేటరు మాత్రం తలవంచుకుంది.

"నేనేం హామీలివ్వలేదండి. పనుంటే చేసేదాన్ని."

అధికారి ఆ గడిలో సున్నా వేశాడు. వేసేటప్పుడు అతనికి కూడా కాస్త బాధేసినట్టు కనిపించింది (ఫారంలో బాధకు గడి లేదు).

ఫలితాలు గోడకు అంటించారు. పెద్దాయన పనివయసు ముప్పై ఆరు. చిన్నబాబుది అరవై ఒకటి. పంపు ఆపరేటరుది నలభై ఏడు, అంటే అసలు వయసెంతో అంతే. తేడా సున్నా. ఆమె పేరు ఎదుట అధికారి నిండు మనసుతో 'చర్చనీయాంశం లేదు' అని రాశాడు. జనం నిజంగానే చర్చించలేదు. తాత ముప్పై ఆరేళ్లవాడెలా అయ్యాడు, మనవడికి అరవై ఒకటెలా వచ్చిందన్న దాని మీద సభలు జరిగాయి, చొక్కాలు చిరిగాయి. పంపు ఆపరేటరు ప్రస్తావన వస్తే "ఆవిడకేం, బాగానే ఉంది" అనుకుని ముందుకు పోయారు.

ఓట్లు లెక్కపెట్టారు. తాతకు నాలుగు వేల నూట పన్నెండు. మనవడికి నాలుగు వేల నూట పన్నెండు. పంపు ఆపరేటరుకు ముప్పై ఏడు. పిన్నిగారు ఇంటికి వెళ్లి అత్తగారి ఎదుట కూలబడింది.

"తిట్టడం వేరు, ఓటు వేరు" అంది అత్తగారు, చూపు తప్పించి. "నా ఈడువాడు ఓడిపోతే నన్ను మూలన కూర్చోబెట్టినట్టుంటుంది."

కూతురు తలుపు దగ్గరే నిలబడిపోయింది. అడగకుండానే సమాధానం ముఖం మీద కనిపించింది.

ఓట్లు సమానమైతే పెద్దవాడికి పదవి ఇవ్వడం పూర్వపు ఆచారం. అలా చేస్తే వయసు ముఖ్యమని తమ శాఖే తేల్చినట్టవుతుందనీ, తేలిపోతే శాఖ అవసరమే ఉండదనీ అధికారి అభ్యంతరం చెప్పాడు. చివరికి కుర్చీని వేళల ప్రకారం పంచారు. ఉదయం పది నుంచి పన్నెండు దాకా పెద్దాయన. తర్వాత ఆయన కునుకు తీస్తారు. రెండు నుంచి నాలుగు దాకా చిన్నబాబు. అంతకుముందు అతను నిద్ర లేవడు. మధ్యలో రెండు గంటలు కుర్చీ ఖాళీ.

ఆ ఖాళీని మొదట గమనించింది పిన్నిగారు. మూడు రోజులు పాత రిజిస్టర్లు తిరగేసి ఆమె ఒక నిబంధన బయటికి తీసింది. చైర్మన్ కుర్చీ ఎదుట ఉంచిన కాగితాన్ని అరగంటలోగా కుర్చీ తరఫున ఎవరూ తిరస్కరించకపోతే అది ఆమోదం పొందినట్టే. సోమవారం పన్నెండూ ఐదుకు ఆమె వాల్వు కాగితం ఖాళీ కుర్చీ ఎదుట పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. కుర్చీ ఏమీ అనలేదు. పన్నెండూ ముప్పై ఐదుకు పిన్నిగారు ముద్ర వేసింది. సాయంత్రానికి ఉత్తరపు వీధుల కొళాయిల్లో నీళ్లు దూకాయి. ఆడవాళ్లు బిందెలతో, మగవాళ్లు బకెట్లతో, పిల్లలు ఊరికే ఒంటి మీద చొక్కాలతో వీధిలోకి వచ్చారు. పంపు ఆపరేటరు నిలువునా తడిసి, పిన్నిగారి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది.

ఆపైన ఆగలేదు. నెల తిరగకముందే వీధిదీపాలు వెలిగాయి, మురుగు కాలువ కదిలింది, లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఊరి చరిత్రలో ఇంత సమర్థమైన పాలన లేదని పత్రికలో వచ్చింది. తాత ఆ ఘనత అనుభవానిదన్నారు, మనవడు యువరక్తానిదన్నాడు. పత్రిక చదివిన పై ఆఫీసువారు మాత్రం లోతుగా ఆలోచించారు. పన్నెండుకూ రెండుకూ మధ్య ఆమోదం తెలుపుతున్నవారి వయసు ధ్రువీకరించి పంపవలసిందిగా ఉత్తరం రాశారు.

వయోపరిశీలనాధికారి మళ్లీ వచ్చాడు. కుర్చీని బోర్లించి చూశాడు. అడుగున వడ్రంగి కాల్చి వేసిన సంవత్సరం ఉంది. లెక్కకట్టి పదకొండేళ్లని రాసుకుని, పిన్నిగారి చేత సాక్షి సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

వారానికి జవాబు వచ్చింది. చైర్మన్ పదవికి కనీస వయసు ఇరవై ఒకటి కాగా సదరు కుర్చీకి పదకొండేళ్లే నిండినందున, దాని హయాంలో జరిగిన పనులన్నీ చెల్లవనీ, వెంటనే పూర్వస్థితికి తేవాలనీ అందులో ఉంది. పిన్నిగారు ఆ ఉత్తరాన్ని ఎండలో నడుచుకుంటూ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడికి వెళ్లి కాగితం పంపు ఆపరేటరు చేతికిచ్చింది.

ఆవిడ రెండుసార్లు చదివింది.

"అయితే ఇంకో పదేళ్లన్నమాట" అని, రెంచి తీసుకుని నీళ్లు కట్టేయడానికి వెళ్లింది.