విదేశాంగ విధానానికి శవయాత్ర

ఆ రోజు ఓబుళేశు నిద్ర లేవడమే విదేశాంగ విధానం మీద మంచి కోపంతో లేచాడు.

నందికొట్కూరులో ప్రతిపక్ష పార్టీ పట్టణ అధ్యక్షుడు ఆయనే. మామూలుగా ఆయన కోపం వీధి కుళాయిలు, మురుగు కాలువలు దాటి పోయేది కాదు. కానీ ముందురోజు పార్టీ రాష్ట్ర కార్యాలయం నుంచి ఆదేశం దిగింది. పొరుగు దేశం సరిహద్దులో వంతెన కట్టుకుంటుంటే ప్రభుత్వం నోరు మెదపడం లేదట. పైగా ఆ దేశపు మంత్రిని పిలిచి కౌగిలించుకుందట. కాబట్టి ఊరూరా విదేశాంగ విధానానికి శవయాత్ర చేసి, నడిరోడ్డులో తగలబెట్టి, ప్రభుత్వాన్ని నిలదీయాలి.

ఆదేశం వెనకే జిల్లా ఇన్‌ఛార్జి భూపేష్ ఫోన్ చేశాడు. "ఓబుళేశప్పా, నేనే కర్నూలు నుంచి వస్తాండా. జనం ఉండాల. జనముంటే మున్సిపల్ ఛైర్మన్ అభ్యర్థివి నువ్వే. లేకుంటే నీ పేరు నేను ఎత్తను గాక ఎత్తను."

ఓబుళేశుకు ఆ కుర్చీ మీద పదేళ్ల ఆశ. జనం మాటే ఆయనకు భయం. పోయిన నెల కరెంటు ఛార్జీల మీద ధర్నా చేస్తే, వచ్చిన మనుషులకంటే షామియానా గుంజలే ఎక్కువ కనిపించాయి. కుళాయి కోసమే రానివాళ్లు పరాయి దేశపు వంతెన కోసం వస్తారా?

ఇంట్లో సలహా చెప్పేవాళ్లు కూడా లేరు. తల్లి సుబ్బలక్ష్మమ్మ, భార్య మధులత ఒంటిమిట్ట కోదండరాముడి దర్శనానికి పోయారు. ఆ మధ్యాహ్నానికి గానీ రారు. ఓబుళేశు తన కాఫీ తానే కాచుకుని, అది తాగలేక పారబోసి, పార్టీ కార్యదర్శి దావీదురాజును పిలిపించాడు.

దావీదురాజు వడ్రంగి. వాళ్ల చర్చిలో ఎవరు పోయినా పెట్టె చేసేది ఆయనే కాబట్టి ఈ పనికి ఆయనను మించినవాడు లేడు.

"అన్నా, విదేశాంగ విధానం ఆడమనిషా, మొగమనిషా?" అని అడిగాడు.

"మనిషి గాదురా, విధానం."

"మరి మొగం ఎట్ల పెట్టేది?"

"మొగం వద్దు. నిండా గుడ్డ కప్పు. ఫొటోలో మాత్రం నిజం శవం మాదిరే ఉండాల, ఆ!"

దావీదురాజు చేతికి పని అప్పగిస్తే అరకొరగా చేసే రకం కాదు. వెదుళ్లు తెచ్చి పాడె కట్టాడు. గడ్డితో బొమ్మ చేసి, ఓబుళేశు ఇంటి ముందు షామియానా కింద పడుకోబెట్టాడు. తల దగ్గర దీపం పెట్టి, ఊదువత్తులు గుచ్చాడు. తప్పెట్ల వాళ్లను కూడా పిలిపించాడు. ఇన్ని చేసినా ఒక్కటే వెలితి మిగిలింది.

"అన్నా, గుడ్డ సాల్లేదు. గడ్డి బయటికి కనపడతాండాది!"

ఉపన్యాసం బట్టీ పడుతున్న ఓబుళేశు తల ఎత్తకుండానే, "దండెం మింద ఏదుంటే అది కప్పురా!" అన్నాడు.

దండెం మీద ఉన్నది సుబ్బలక్ష్మమ్మ చీర. వంగపండు రంగు, పసుపు అంచు. ఊళ్లో ఆ చీర ఎరగనివాళ్లు లేరు. పురుడైనా పెళ్లైనా, అన్నదమ్ముల తగాదా అయినా ఆ చీర వస్తే గానీ పని తెమిలేది కాదు. దావీదురాజు ధ్యాసంతా గడ్డి మీద ఉండటంతో ఆ సంగతి తట్టలేదు. చీర తీసి నిండా కప్పి, అంచు కూడా సరిచేశాడు. తప్పెట్లు మోగాయి.

ముందుగా వచ్చింది ఎదురింటి టైలర్ ఉమామహేశ్. పాడెను చూశాడు, చీరను చూశాడు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు జరిగిందన్నా?"

"రాత్రి టీవీలో చూసినా," అన్నాడు ఓబుళేశు గంభీరంగా.

"టీవీలో గూడా చెప్పినారా!"

"చెప్పకేం? దేశమంతా ఇదే మాట."

ఉమామహేశ్ పాడెకు దండం పెట్టుకున్నాడు. "శానా రోజులనుంచి బాగలేదా అన్నా?"

"ఏళ్లనుంచి బాగలేదు. ఇట్ల వదిలేస్తే సస్తాదని నేను చెప్తానే ఉండా. ఎవురు పట్టించుకున్యారు? ఇయ్యాల నడిరోడ్లో తగలబెట్టే గతి పట్టింది."

ఉమామహేశ్ కళ్లొత్తుకుంటూ వెళ్లి తన అంగడి మూశాడు. సుబ్బలక్ష్మమ్మ పోయిందట, టీవీలో కూడా వేశారట, కొడుక్కు దుఃఖంతో మతి చలించిందట అని నలుగురితో అన్నాడు. ఆ నలుగురూ నలభైమందితో అన్నారు. చావు కబురుకు చెప్పులు అక్కరలేదు కదా, గంటలో ఊరు దాటింది.

జనం రావడం మొదలైంది. బజారులో అంగళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చారు. ఎవరో నీళ్ల బిందెలు, ఎవరో కుర్చీలు తెచ్చారు. ఓబుళేశుకు ఒళ్లు పులకరించింది. బంద్ అని మైకులో అరిచినా మూయని అంగళ్లు చెప్పకుండానే మూతపడ్డాయి! ప్రజలను తక్కువ అంచనా వేశానే అని సిగ్గుపడ్డాడు. సంతోషంతో ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

"ఏడవాకండమ్మా," అని ఓదార్చాడు. "మన పార్టీ వస్తే మళ్లా బతికిస్తాం."

ఆ మాటతో మతి చలించిందన్న సంగతి ఊరికి రూఢి అయింది.

పదకొండు దాటేసరికి కోసిగి నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఆయన పిన్నమ్మ, సుబ్బలక్ష్మమ్మ సొంత చెల్లెలు, దిగీ దిగకముందే గుండెలు బాదుకుంటూ పాడె మీద పడింది.

"అక్కా! సుబ్బలక్ష్మక్కా! చెప్పాపెట్టకుండా ఎట్ల పోతివే!"

ఓబుళేశు పిన్నమ్మను లేపబోయి ఆగాడు. పాడె వైపు చూశాడు. వంగపండు రంగు, పసుపు అంచు. పొద్దుటినుంచీ విన్న ప్రతి మాటా చెంపదెబ్బలా తిరిగి తగిలింది. "పిన్నమ్మా, అది అమ్మ కాదు" అనబోతుండగానే జనం మధ్యలో కారు ఆగింది. భూపేష్ దిగాడు.

"ఏం జనమప్పా!" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. "విదేశాంగ విధానం మింద ఇంత మక్కువా మీ ఊరోళ్లకు? ఆ ముసలమ్మ సూడు, సొంత మనిషి పోయినట్ల ఏడుస్తాండాది! ఇంగ మాట్లాడే పనే లేదు. ఛైర్మన్ నువ్వే."

ఒక పక్క నిజం, ఇంకో పక్క కుర్చీ. ఓబుళేశు కుర్చీ వైపు మొగ్గాడు. అమ్మ మీద ప్రేమ లేక కాదు, అమ్మ బతికే ఉందన్న ధైర్యంతో. ఉపన్యాసం ముగించి, బొమ్మ తగలబెట్టి, భూపేష్‌ను సాగనంపాక అందరికీ చెప్పుకుందాంలే అనుకుని మైకు అందుకున్నాడు.

"ప్రభుత్వాన్ని సూటిగా అడుగుతాండా! అవతలోడు వంతెన కడతాంటే మీరేం జేస్తాండారు? సముద్రంలో మన బెస్తోళ్లను పట్టుకపోతే ఎందుకు అడగరు?"

"పాపం, ఏం మాట్లాడతాండాడో ఆయప్పకే తెలీదు," అని జనంలో ఒకామె ముక్కు చీదింది.

"శత్రువుతో మాటలేంది? కౌగిలింతలేంది? అట్లాంటి కౌగిలింతలు..."

మాట పూర్తి కాలేదు. బారెడు పూలమాలతో దాసన్న వచ్చాడు.

దాసన్న అధికార పార్టీ పట్టణ నాయకుడు. ఒకప్పుడు ఆయనా ఓబుళేశూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. పార్టీలు వేరయ్యాక ఒకరు వీధిలో ఉంటే ఇంకొకరు సందులోకి తిరిగేవారు. కానీ ఎంత పగ ఉన్నా చావింటికి పోనివాణ్ణి ఆ సీమలో మనిషి కింద లెక్కగట్టరు. దాసన్న మాలను పాడె మీద వేసి, వచ్చి ఓబుళేశును గట్టిగా వాటేసుకున్నాడు.

"ఓబుళేశూ! ఆయమ్మ చేతి సంగటి తిని పెరిగినోణ్ణిరా నేను! ఒక్కసారి వచ్చి పలకరియ్యకపోతిని!"

ఓబుళేశు చేతులు కాసేపు గాలిలోనే ఉన్నాయి. తర్వాత ఏమైందో ఏమో, ఏడుస్తూ ఆయనా వాటేసుకున్నాడు. ఆ ఏడుపులో మాత్రం నటన లేదు. చుట్టూ సెల్‌ఫోన్లు పైకి లేచాయి. భూపేష్ ముఖం నల్లబడింది.

"ఏందప్పా ఇది? వాళ్లు కౌగిలించుకున్యారని మనం శవయాత్ర జేస్తాంటే, నువ్వు ఈడ అధికార పార్టీవోణ్ణి కౌగిలించుకుంటాండావు?"

ఓబుళేశు కళ్లు తుడుచుకుంటుండగా జనం వెనకనుంచి ఎవరో భయంతో కేక పెట్టారు. తప్పెట్లు టక్కున ఆగాయి. జనం రెండుగా చీలారు. ఆటో దిగి, మధులత చెయ్యి పట్టుకుని, ప్రసాదం సంచితో సుబ్బలక్ష్మమ్మ నడిచి వస్తోంది. పిన్నమ్మ కళ్లు తేలేసింది.

"ఎవుర్రా పోయింది?" అంది సుబ్బలక్ష్మమ్మ. పాడె దగ్గరికి వచ్చి ఆగింది. "నా చీర ఎవురికి కప్పినార్రా?"

"అది... విదేశాంగ విధానమమ్మా," అన్నాడు ఓబుళేశు.

"అది పోతే నా చీర ఎందుకురా? వాళ్లకు చీరల్లేవా?"

దాసన్న వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె ఆయన చెవి మెలిపెట్టింది. "బతికుంటే గడప తొక్కవు. సచ్చినానంటే మాల తెస్తివా? నిన్ను సూసి ఎన్నాళ్లయిందిరా!" అంది. చివరి మాటకు చెవి వదిలి తల నిమిరింది. నవ్వబోయిన జనం తలలు దించుకున్నారు.

ఆమె చుట్టూ చూసింది. మూసిన అంగళ్లు, ఎర్రబడ్డ కళ్లు. "ఇంతమందీ నాకోసమేనా?" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. మరుక్షణం మామూలు మనిషైంది. "వచ్చినోళ్లెవురూ తినకుండా పోవాకండి. దాసూ, బియ్యం తెప్పియ్. ఓబుళేశూ, పొయ్యి పెట్టు. దావీదూ, ఆ గడ్డి ఎనుములకు ఏసెయ్."

విదేశాంగ విధానం ఎనుముల ముందుకు పోయింది. ప్రతిపక్షం పొయ్యి ఊదుతుంటే అధికార పక్షం బియ్యం కడిగింది. భూపేష్ ఓ మూలకు పోయి చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చాడు. పార్టీలోంచి తీసేశారనే అనుకుని ఓబుళేశు లేచి నిలబడ్డాడు.

"పార్టీలో అందరితో మాట్లాడినా," అన్నాడు భూపేష్. "ఇంత జనం మనకు ఎప్పుడూ రాల్యా. అవతలి పార్టీవోడు గూడా కాళ్ల మింద పడినాడు. అందుకే ఛైర్మన్ అభ్యర్థిగా..."

ఓబుళేశు చొక్కాకు అంటిన మసి దులుపుకున్నాడు.

"...మీ అమ్మ."

మర్నాటినుంచి ఓబుళేశు ఇల్లిల్లూ తిరిగి ప్రచారం మొదలుపెట్టాడు. ప్రతి గడపలోనూ ఓటు అడగకముందు ఆయన నిరూపించుకోవలసి వచ్చింది ఒక్కటే, అభ్యర్థి బతికే ఉందని.