రెండు తాళాల గోడౌను

ఆ రోజు పొద్దున ఖాదర్ వలి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొదిలి పాత ఇనుము కొట్లో కొన్న ఇత్తడి తాళాన్ని, టీ చల్లారేలోపు, తాళంచెవి లేకుండా తీయాలి. ఆ తర్వాత రెండు జాకెట్లు కుట్టాలి. జాకెట్లు ఎప్పుడూ ఆ తర్వాతే.

ఊళ్లో టైలరు అతనొక్కడే. ఆరు నెలలుగా ఈ తాళాల పిచ్చి పట్టింది. గొడుగు ఊచను సానబట్టి తాళంలోకి దూర్చడం, కళ్లు మూసుకుని లోపలి పిన్నులను ఒక్కొక్కటే తడిమి లేపడం. మొదటి తాళానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు మామూలు తాళమైతే సీరియల్ మధ్యలో ప్రకటనలు అయిపోయేలోపు తీసేస్తాడు. నియమం మాత్రం ఒకటుంది. తన తాళమైనా అయుండాలి, సొంతదారుడైనా అడగాలి.

"ఆ ఓపికలో సగం నా మీద పెట్టుంటే నేనెప్పుడో అర్థమయ్యేదాన్ని," అంది భార్య ఖుర్షిదా, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"నీలో పిన్నులు ఎన్నున్నాయో ఇంకా లెక్క తేలలేదే!"

అంతలో జానకిరామయ్య దొడ్డిదారిన వచ్చాడు.

"ఒరేయ్ ఖాదరూ, అరవకు. నా గోడౌను తాళంచెవి బావిలో పడింది."

ఆ గోడౌను సంగతి ఊరందరికీ తెలుసు. పంపకాల్లో గొడవపడి జానకిరామయ్య, తమ్ముడు రామకాంత్ మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. గోడౌను మాత్రం ఉమ్మడిదే. అందుకని పై గడియకు అన్న తాళం, కింది గడియకు తమ్ముడి తాళం. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

"మార్కాపురం వైపు మబ్బు చూశావా? ఇద్దరి మిరపకాయలూ కల్లంలో ఉన్నాయి. కప్పే పట్టాలన్నీ లోపలున్నాయి."

"తమ్ముణ్ణి పిలు అన్నా."

"ముందు నాది తియ్యి. చెవి పోగొట్టానని తెలిస్తే వాడు నేను చచ్చినా నవ్వుతాడు."

సొంతదారుడే అడిగాడు. ఖాదర్ వలి వెళ్లి పై తాళం నాలుగు నిమిషాల్లో తీశాడు. సరిగ్గా అది టక్కుమన్నప్పుడే, అదే మబ్బు చూసి, అదే పట్టాల కోసం రామకాంత్ వచ్చాడు.

"ఖాదర్ మావా! ఆయన్ని అడుగు, దొంగచాటుగా నా తాళం కూడా తీయిద్దామనా?"

"ఖాదరూ, వాడికి చెప్పు, తీసింది నా తాళమేనని."

"మావా, ఆయన తాళానికి ఆయన చెవి ఏమైందో అడుగు!"

ఇద్దరి మధ్యా ఉన్నది మూరెడు దూరం. ఆ మూరెడులో అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ ఖాదర్ వలికి మెడ పట్టేసింది. అరుపులకు జనం మూగారు. 'గోడౌను తాళాలు తీస్తూ టైలరు దొరికాడు' అన్న కబురు ఊరు చుట్టి ఖాదర్ వలి ఇంటికి చేరింది.

రామకాంత్ కోపంగా తన చెవిని తన తాళంలో పెట్టి తిప్పాడు. అది తిరగలేదు. ఇంకా కోపంగా తిప్పాడు. చెవి సగం చేతికొచ్చింది, సగం తాళంలో ఉండిపోయింది.

అప్పుడే ఖుర్షిదా వచ్చింది, బియ్యం సంచి ఈడ్చుకుంటూ. "మా ఆయన దొంగా? సొంత తాళాల మీద నేర్చుకున్నాడు, చూస్కోండి!" అని సంచి బోర్లించింది. యాభై మూడు తాళాలు అందరి కాళ్ల ముందూ దొర్లాయి.

జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"అమ్మో! ఎన్ని ఊళ్లవే ఇవి?" అంది ముసలి జుబేదా. ఒకటి తీసి చూసి, "ఇది మా కోళ్ల గూడుదే!" అని కేక పెట్టింది. కిందటేడు దాన్ని పాత ఇనుముకు తనే వేసిన సంగతి ఆవిడకు గుర్తు రాలేదు.

ఖాదర్ వలి జనం మొహాలు చూశాడు. దొంగ చేతికి కొలతలకు జాకెట్లు ఎవరిస్తారు? తలుపు తెరిచి చూపిస్తే తప్ప ఈ ఊళ్లో ఇక కుట్టుమిషను తిరగదు.

"రామకాంతూ, నీ నోటితో అడుగు. తియ్యమంటావా?"

ఉరిమింది. రామకాంత్ కల్లం వైపు చూశాడు. "తియ్యి మావా."

ఖాదర్ వలి జేబులోంచి మగ్గం వర్కు సూది తీశాడు. కొస కొక్కెంతో విరిగిన ముక్కను బయటికి లాగి, దుమ్ము పోవాలని తాళంలోకి ఊదాడు. మూడేళ్ల మిరపకాయ ధూళి తిరిగొచ్చి రెండు కళ్లలో పడింది. ధారాపాతంగా నీళ్లు.

"ఏడుస్తున్నాడు పాపం, తప్పు ఒప్పుకుంటున్నాడు," అన్నారెవరో.

"తొందరగా కానివ్వు!" అన్నారు ఇంకెవరో.

"తొందరపెడితే తాళం మొండికేస్తుంది," అన్నాడు ఖాదర్ వలి, ముక్కు ఎగబీలుస్తూ. కళ్లు ఎటూ పనికిరావు. ఆరు నెలలుగా కళ్లు మూసుకునేగా నేర్చుకున్నాడు! ఒకటో పిన్ను. రెండు. మూడు జారిపోయింది, విసుక్కోకుండా మళ్లీ మొదట్నుంచి వచ్చాడు. ఐదోది లేచేసరికి తాళం పాత స్నేహితుడిలా చేతిలోకి వాలింది.

తలుపు తెరుచుకుంది. ఇందాక దొంగ అన్నవాళ్లే పట్టాలు భుజానికెత్తుకుని కల్లానికి పరిగెత్తారు. గాలికి ఒక పట్టా పడగెత్తి లేచింది. దాని చెరో కొసా అన్నదమ్ముల చేతుల్లోనే పడింది.

"నీ కొస లాగరా!" అని అరిచాడు జానకిరామయ్య.

"లాగాను, నువ్వు రాయి పెట్టు అన్నయ్యా!"

మధ్యలో ఖాదర్ వలి లేడన్న సంగతి ఇద్దరికీ కాసేపటికి గానీ తట్టలేదు. వాన అరగంట దంచింది. ఒక్క కాయ తడవలేదు.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద టైలరు కొట్టుకు వచ్చారు. శాలువా కప్పుతారేమోనని ఖాదర్ వలి చొక్కా సర్దుకున్నాడు.

"ఖాదరూ, ఇకనుంచి మా ఇద్దరికీ ఒకటే తాళం, రెండు చెవులు," అన్నాడు జానకిరామయ్య. "మా మధ్య అనుమానాల్లేవు."

"నీ మీదే కొంచెం ఉంది మావా," అన్నాడు రామకాంత్. "నీకు ఏ తాళం రాదో చెప్పు, అదే కొంటాం."

ఖాదర్ వలి నిజాయితీపరుడు. ఆలోచించి, పొదిలి బజారులో దొరికే ఒక రకం పేరు చెప్పాడు.

వాళ్లు వెళ్లి అదే కొన్నారు. వాళ్ల బండి మలుపు తిరగ్గానే, వెనకాలే పొదిలి వెళ్లిన ఖాదర్ వలి, అదే కొట్లో, అలాంటిదే ఇంకోటి కొన్నాడు.