గెస్ట్‌రూమ్ మాహాత్మ్యము

ఏటా పిలవగానే వచ్చి, మా ఇండ్లలో తొమ్మిది రాత్రులు గడిపి, ఆపైన మేము బాజాలతో నీళ్ళపాలు చేసినా అలగక మరుసటి ఏడు మళ్ళీ దయచేసే విఘ్నేశ్వరా! అతిథులలో నీ అంత ఓర్పు గలవాడు లేడు. ఈ నాలుగు మాటలు నిర్విఘ్నంగా సాగనిమ్ము.

పాఠక మహాశయులారా! రాత్రి బసకు వచ్చినవారిని పొద్దుగూకక ముందే సాగనంపగలిగినదే ఉత్తమమైన గెస్ట్‌రూమ్ అని నా సిద్ధాంతం. తొందరపడి నిందించకండి. అతిథి దైవసమానుడని పెద్దలు చెప్పలేదా? మరి దైవాన్ని మనమేం చేస్తున్నాం? దూరం నుంచి దండం పెడతాం. నైవేద్యం చూపించి మనమే ఆరగిస్తాం. వేళ కాగానే తలుపులు మూస్తాం. అతిథికి మాత్రం ఇంతకు మించి ఎందుకు చేయాలి?

ఈ శాస్త్రార్థాన్ని ఆచరణలో చూపిన పుణ్యదంపతులు హన్మకొండలో ఉన్నారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే చంద్రమౌళికి గృహప్రవేశమై రెండేండ్లయింది. కొత్త ఇంట ఆడబిడ్డ ఒక్క రాత్రైనా నిద్ర చేయాలని వాళ్ళ ఇంటి పట్టింపు. పరకాల దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే అక్క మొగిలమ్మకు అది ఇంతవరకూ కుదరలేదు. తల్లి పోయిన నాటి నుంచి తల్లిలా చూసిన అక్క! ఆయన మనసులో అదొక ముల్లు. బతిమాలగా బతిమాలగా, మొన్న శనివారం వస్తానన్నది.

ఆయన సతీమణి శోభారాణి వారం రోజులు తపస్సు చేసింది. యూట్యూబే గురుపీఠం! మంచం మీద పాలనురుగు వంటి తెల్ల దుప్పటి. దానిపై ఏడు దిండ్లు. తల పెట్టుకునేవి కావు, చూసేవి. పరుపుకు కంపెనీ ప్లాస్టిక్ కవరు తీయనేలేదు. తీస్తే పాతదవుతుంది కదా! హంసలా మడిచిన టవలు. ఫ్రేము కట్టించిన వైఫై పాస్‌వర్డ్. బాత్‌రూమ్‌లో, ఎటు తిప్పితే ఎక్కడ వర్షిస్తుందో వరుణదేవునికైనా తెలియని ఐదు నల్లాలు. చివరగా లావెండర్ స్ప్రే!

మొగిలమ్మ రానే వచ్చింది. మిర్చి రాశుల నడుమ కూర్చుని తొడిమలు తీసినా తుమ్మెరుగని ఆ తల్లి, గెస్ట్‌రూమ్ గడప దాటగానే తొమ్మిదిసార్లు తుమ్మింది. ముఖం కడుక్కుని టవలుకు చేయి చాచింది.

"అయ్యో వదినా, అది ముట్టకుర్రి! హంస చెడిపోతది. నేర్సుకునేసరికి మూడు రోజులు పట్టింది."

"మరి దేనితోని తుడుసుకోవాలె శోభా?"

"మీ కొంగు లేదా?"

మంచం అంచున కూర్చోగానే ప్లాస్టిక్ పటపటలాడింది. ఆమె ఉలిక్కిపడి లేచింది. "దిండ్లు తీసేముందు జర ఫోటో తీసుకోర్రి వదినా, మల్ల అదే వరుసల పెట్టాలె" అన్నది శోభారాణి. ఇంతలో, కాళ్ళకు రాసుకునే ఆముదం సీసా సంచిలోంచి బయటపడింది. శోభారాణి ముఖం దుప్పటి కన్నా తెల్లబడింది.

మొగిలమ్మ గదిని కలయజూసి రెండు చేతులూ జోడించింది.

"తమ్మీ, మంచిగున్నది నీ ఇల్లు. మొక్కేటట్టున్నది గని పండుకునేటట్టు లేదు. ఐదున్నర బస్సుకు పోత."

చూశారా మహిమ! అతిథికి దర్శనం, దుప్పటికి శాంతి!

చంద్రమౌళి మాత్రం దీనిని గ్రహించలేని మూఢుడు. బస్టాండు దాకా సంచి మోసుకుంటూ బతిమాలాడు.

"ఒక్క రాత్రి అక్కా! కింద చాప ఏస్త. నేను సుత కిందనే పండుకుంట."

"ఎందుకురా ఫికర్ జేస్తవు? పాపం, ఆమె వారం రోజులు కష్టపడ్డది. నేను పండుకుంటె ఇంకో వారం కష్టపడాలె."

బస్సు వచ్చింది. మొగిలమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచి అందించి దిగవలసిన తమ్ముడు సంచితో సహా ఆమె పక్కన కూలబడ్డాడు. కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు!

"నువ్వేడికిరా?"

"నీ ఇంటికే. జర పక్కకు జరుగు. రెండేండ్లాయె అక్కా, ఆ ఇంట్ల నేను సుత సక్కగ పండుకోక."

కనుక నా సిద్ధాంతానికి స్వల్ప సవరణ: ఉత్తమోత్తమమైన గెస్ట్‌రూమ్ ఇంటి యజమానిని కూడా సాగనంపుతుంది!

ఇది విన్నవారి ఇండ్లలో దుప్పట్లు నలుగుగాక! దిండ్లకు తలనూనె మరకలంటుగాక! తడి టవళ్ళు దండెం నిండా వేలాడుగాక! ఆడబిడ్డలు బారెడు పొద్దెక్కినా లేవకుందురుగాక!